కరాఖండి మాటకు మూడు కార్డులు

1వ తేదీ, సోమవారం

ఈ రోజు నుంచి నేను ఇన్‌చార్జిని. నిఘంటువు కార్యాలయం మొత్తానికి. మొత్తం అంటే నాతో కలిపి ముగ్గురం.

పెద్దాయన నిన్న రిటైరయ్యారు. పందొమ్మిదేళ్లు ఆయన కుర్చీకి ఎదురుగా కూర్చున్నాను. ఈ రోజు అటువైపు కూర్చుంటే నా పాత కుర్చీ కనపడింది. ఖాళీగా ఉంటే అది అంత చిన్నదని ఇన్నాళ్లూ తెలియలేదు.

పదకొండింటికి సంస్థ అధ్యక్షులు వచ్చారు. నెల రోజులు నన్ను చూస్తారట. ముప్పయ్యో తేదీన కమిటీ కూర్చుంటుంది. అదే రోజు 'క' సంపుటం ప్రెస్సుకు వెళ్లాలి. నా పని నచ్చితే నన్నే ప్రధాన సంపాదకుణ్ణి చేస్తారు, సంపుటం మొదటి పేజీలో నా పేరు పడుతుంది. నచ్చకపోతే ఆయన ఎరుకలో ఒక డాక్టరుగారున్నారు. మందులిచ్చే డాక్టరు కాదు, పుస్తకం రాసిన డాక్టరు. లేచి వెళుతూ గుమ్మంలో ఆగి ఒక మాటన్నారు.

"మీరు మంచివారే. కాకపోతే కరాఖండి మనిషి కాదు. ఈ కుర్చీకి అది కావాలి."

నేను నవ్వాను. తిడితే నవ్వే అలవాటు నాకు చిన్నప్పటినుంచీ ఉంది.

ఈ డైరీ 'ఌ' సొరుగులో పెడుతున్నాను. ఆ అక్షరంతో మాటలు లేవు, కాబట్టి ఆ సొరుగు ఎవరూ తెరవరు. ఇది నా మొదటి పరిపాలనా నిర్ణయం.

2వ తేదీ, మంగళవారం

విచిత్రం ఏమిటంటే 'క' సంపుటంలో ఇంకా తేలని మాట అదొక్కటే. కరాఖండి. పెద్దాయన దానికి అర్థం రాయకుండానే వెళ్లిపోయారు. దాని వాడుక కార్డులు కూడా ఒక్కటీ లేవు.

మన పద్ధతి ఒకసారి రాసుకుంటాను, ఇన్‌చార్జికి కంఠతా ఉండాలి. ప్రతి మాటకూ మూడు కార్డులు కావాలి. మూడూ ఈ ఏడాదిలో ఎవరో ఒకరు నోటితో అనగా మనం చెవితో విన్నవై ఉండాలి. ఎవరు, ఎవరి గురించి, ఎప్పుడు అన్నారో కార్డు మీద రాయాలి. అడిగి అనిపించిన మాట చెల్లదు, రాసిచ్చిన మాట చెల్లదు. విన్నవాడు కాక రెండోవాడు అన్నవారి దగ్గరికి వెళ్లో, ఫోన్ చేసో "మీరిలా అన్నారా?" అని అడిగి సంతకం చేయాలి. మూడూ దొరకకపోతే ఆ మాట పక్కన చుక్క పెడతాం. చుక్క అంటే వాడుకలో పోయిందని.

కరాఖండికి చుక్క పడనివ్వను. అర్థం నేనే రాస్తాను. చిత్తుప్రతి:

కరాఖండి (విశేషణం): అధికారం ఉట్టిపడే. ఎదుటివాడు మారు మాట్లాడలేని. నాయకత్వానికి తగిన.

బాగా వచ్చింది. రాస్తుంటేనే వెన్ను నిటారుగా అయింది. వచ్చేటప్పుడు బల్ల మీద పెట్టుకునే గంట ఒకటి కొన్నాను.

3వ తేదీ, బుధవారం

గంట కొట్టాను. ఎవరూ రాలేదు.

4వ తేదీ, గురువారం

మళ్లీ కొట్టాను. ఇద్దరిలో ఒకడు, కళ్లజోడు, కిటికీలోంచి వీధిలోకి చూశాడు.

5వ తేదీ, శుక్రవారం

గంట సంగతి తేలింది. కింద ఎవరో సైకిలు బెల్లు కొడుతున్నారని వాళ్లిద్దరూ అనుకుంటున్నారట. కళ్లజోడు అంటే మా పరిశోధకుడు. అద్దాలు తీస్తే ఆ మనిషిని నేను గుర్తుపట్టలేను. రెండోవారు అక్క. ముప్పయ్యొక్కేళ్లుగా కార్డుల సొరుగులన్నీ ఆవిడ చేతిలో ఉన్నాయి. పెద్దాయన కూడా అక్కా అనే పిలిచేవారు, కళ్లజోడూ అక్కా అంటాడు, నేనూ అంతే. ఆవిడ గొంతు పెంచగా ఎవరూ వినలేదు.

నేను గంట ఎందుకు కొనాల్సి వచ్చిందో వివరంగా చెప్పాను. అక్క అంతా విని, గంటను తీసుకెళ్లి 'గ' సొరుగులో పెట్టింది. ఒక విధంగా అదే దాని చోటు.

8వ తేదీ, సోమవారం

కళ్లజోడు పొద్దున్నే ఉత్సాహంగా వచ్చాడు. కరాఖండికి మొదటి కార్డు దొరికిందట. చూస్తే అధ్యక్షులవారు ఒకటో తేదీన గుమ్మంలో అన్నది. అన్నవారు: అధ్యక్షులు. ఎవరి గురించి: ఇన్‌చార్జి. అక్క ఫోన్ చేస్తే, అవును అన్నాను, ఇప్పుడూ అంటాను అన్నారట.

దీన్ని మరికొంత పరిశీలించాలన్నాను. అక్క సొరుగు తెరిచి కార్డు లోపల వేసి మూసింది.

"విన్నమాట విన్నట్టు రాయాలి కదండీ," అంది.

నిజమే. ఇంకా రెండు కార్డులు కావాలి. ఆ రెండూ వేరే రకంగా ఉంటాయి. ఉండేలా చూస్తాను. అడగకూడదుగానీ, అనిపించుకోకూడదని నియమం ఎక్కడా లేదు.

10వ తేదీ, బుధవారం

విజయం. ఇంట్లో మా ఆవిడ వాళ్ల చెల్లెలితో ఫోన్‌లో మాట్లాడుతోంది. నేను గిన్నెలు కడుగుతున్నాను (నేనే కడుగుతానని నిన్న కరాఖండిగా చెప్పాను). కుళాయి చప్పుడులోంచి స్పష్టంగా వినపడింది: "మా ఆయన కరాఖండి మనిషి". ఆ తర్వాతది వినపడలేదు. వినాల్సిన అవసరమూ లేదు.

చేయి తుడుచుకోకుండానే కార్డు రాశాను. ఒక మూల కొంచెం తడిసింది.

పెళ్లయిన ఇన్నేళ్లకు మా ఆవిడ నన్ను అర్థం చేసుకుంది.

11వ తేదీ, గురువారం

కళ్లజోడు కార్డు సరిచూడటానికి మా ఇంటికి వెళ్లాడు. పద్ధతి ప్రకారం అడగాలి, కాదనను. మా ఆవిడ కూర్చోబెట్టి, టీ ఇచ్చి, వాక్యం మొత్తం చెప్పింది. చూపుడువేలితో ఆ గది కూడా చూపించిందట.

"మా ఆయన కరాఖండి మనిషైతే ఈ పాటికి ఆ గదికి రంగుపడి రెండేళ్లయ్యేది."

రెండో కార్డు సొరుగులోకి వెళ్లింది.

రంగు విషయంలో నా ఆలోచన వేరు. గోడ ఇంకా ఆరాలి.

15వ తేదీ, సోమవారం

మా కార్యాలయం కింద చెప్పుల దుకాణం. దుకాణదారు ఖాళీ డబ్బాలు మా మెట్ల మీద పేర్చి పెడతాడు. మొన్న కళ్లజోడు ఏడో మెట్టు మీద తట్టుకుని పడబోయాడు. ఇలాంటి చోటే నాయకత్వం తెలుస్తుంది. తిన్నగా కిందికి దిగి, దుకాణంలోకి వెళ్లి, ఈ డబ్బాలు సాయంత్రంలోగా తీసేయాలని చెప్పాలనుకున్నాను.

నల్ల బూట్లు, తోలువి, మడమ గట్టిది. నడిస్తే టకటకమంటాయి. ఒక సైజు తక్కువే గానీ వాడగా వాడగా సాగుతాయని ఆయన హామీ ఇచ్చాడు. ఈ కుర్చీలో ఉన్నవాడికి అడుగుల చప్పుడు ముఖ్యం.

డబ్బాల మాట రేపు చెబుతాను.

16వ తేదీ, మంగళవారం

డబ్బాలు లేవు. పొద్దున అక్క వెళ్లి "మెట్లు ఖాళీ చేయండి" అందట. చేశాడట. అంతేనట.

ఆయన అక్కతో అన్న మాట కళ్లజోడు మెట్ల మీద నిలబడి విన్నాడు: "ఇంకోసారి ఆయన్ని పంపకండమ్మా. మీలో కరాఖండి మనిషెవరైనా ఉంటే వాళ్లని పంపండి, నాకూ త్వరగా తేలిపోతుంది." అక్క అక్కడే ఆయన్ని "ఇలా అన్నారు కదా?" అని అడిగి సంతకం కూడా చేసేసింది.

మూడో కార్డు. మాట బతికింది. చుక్క పడదు. సంపాదకుడిగా నేను సంతోషించాలి.

మూడింటిలోనూ నేనే. కాలివేళ్లు నొప్పి.

18వ తేదీ, గురువారం

మధ్యాహ్నం అధ్యక్షులవారు వచ్చారు. కరాఖండి మాట ఎంతవరకు వచ్చిందని అడిగారు. ఫోన్ చేసి అడిగినప్పటి నుంచీ దాని మీద మనసు పడిందట. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. మూడు ఉదాహరణలూ తీసేసి ఇదొక్కటే వేస్తే బాగుంటుందట, పిల్లలు చదువుతారు కదా అన్నారు.

కాగితం మీద ఇలా ఉంది: "మా అధ్యక్షులు కరాఖండి నాయకులు, వారి మాటకు తిరుగులేదు."

ముప్పయ్యో తేదీ గురించి నేను బెంగపెట్టుకోనక్కరలేదని కూడా చెప్పారు. భుజం తట్టారు. పందొమ్మిదేళ్లలో ఈ భుజాన్ని ఎవరూ తట్టలేదు.

నేను తల ఊపాను. తల ఊపడమంటే ఒప్పుకున్నట్టు కాదు. మెడ పనిచేస్తోందన్నట్టు.

19వ తేదీ, శుక్రవారం

కాగితాన్ని కార్డుగా రాయమని అక్కకిచ్చాను. ఆవిడ చదివి తిరిగిచ్చింది. ఎవరన్నారని అడిగింది. అధ్యక్షులవారు రాసిచ్చారని చెప్పాను.

"ఈ సొరుగుల్లో రాసిచ్చిన మాట ఒక్కటీ లేదండీ. మీరు ఇన్‌చార్జి. వేయాలనుకుంటే మీరే వేయండి. నేను వద్దనను."

కరాఖండి సొరుగు తాళంచెవి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి చూడకుండానే, 'ఌ' సొరుగు కూడా వారానికోసారి దులుపుతానని చెప్పింది.

అంటే ఇది చదివిందా? చదవలేదు. అక్క అలాంటిది కాదు. అక్కా, నువ్వు చదువుతుంటే, గంట వెనక్కి ఇవ్వనక్కరలేదు.

20వ తేదీ, శనివారం

తాళంచెవి బల్ల మీదే ఉంది.

22వ తేదీ, సోమవారం

ఇంకా అక్కడే ఉంది. దాని మీద ఒక ఫైలు పెట్టాను. ఫైలు వంగి కనపడుతోంది.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నా పరిస్థితిలో పాము అధ్యక్షులు. కప్ప అక్క అనుకుందామంటే మనసొప్పలేదు. కప్ప నేనే అయి ఉంటాను.

ఆలోచించగా నా చిత్తుప్రతి తప్పనిపించింది. "మారు మాట్లాడలేని" అని రాశాను. అది జబర్దస్తీ. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నవాణ్ణి మొండివాడంటారు, కరాఖండి అనరు. కుందేటికి నాలుగు కాళ్లున్నాయని, ఊరంతా మూడంటున్నా నాలుగే అన్నవాణ్ణి అంటారు. మొండివాడూ కరాఖండివాడూ దూరం నుంచి ఒకేలా కనపడతారు. కాళ్లు లెక్కపెడితేగానీ తేడా తెలియదు.

సొరుగులో ఉన్న మూడు కార్డుల్లోనూ ఆ మాటను తిట్టుగా వాడలేదు. ముగ్గురూ అలాంటి మనిషి కావాలనే అన్నారు. అది నేను కాదన్నారు, అంతే.

24వ తేదీ, బుధవారం

మా ఆవిడకు చెప్పేశాను. పొద్దున బట్టలు ఆరేస్తుంటే క్లిప్పులు అందిస్తూ చెప్పాను. ఆ కుర్చీ నాకెంత కావాలో తనకు తెలుసు. మొదటి పేజీలో నా పేరు ఎక్కడ పడుతుందో పాత సంపుటంలో వేలుపెట్టి నాలుగుసార్లు చూపించాను.

ఆ వాక్యం వేస్తే ఏమవుతుందని అడిగింది. ఏమీ కాదన్నాను. ఎవరూ చచ్చిపోరు. ఏ పిల్లవాడో చదివి, ఎవరో ఎప్పుడో ఆయన్ని అలా అన్నారనుకుంటాడు.

"అయితే వేసేయండి," అంది.

"వేయలేను."

"ఎందుకు?"

"ఎవరూ అనలేదుగా."

మా ఆవిడ ఒక దుప్పటి మొత్తం ఆరేసింది.

"అయితే వేయకండి," అంది.

ఇంత తేలిగ్గా చెబుతుందా? తనకేం, కమిటీ ముందు కూర్చోవాల్సింది నేను కదా. కోపం వచ్చింది. తర్వాత ఏడుపు కూడా వచ్చింది. క్లిప్పుల బుట్ట లోపల పెట్టడానికన్నట్టు ఇంట్లోకి వెళ్లిపోయాను.

26వ తేదీ, శుక్రవారం

అధ్యక్షులకు ఉత్తరం రాశాను. తొమ్మిది చిత్తుప్రతులు. మొదటిదానిలో "కుదరదు" అని ఉంది. తొమ్మిదోదానిలో ఆ మాట లేదు. ఆయన ఆరోగ్యం గురించి అడిగి ముగించాను. పంపలేదు.

27వ తేదీ, శనివారం

జ్వరం వచ్చేలా ఉందని మా ఆవిడతో అన్నాను. నుదుటి మీద చేయి పెట్టి చూసి, లేదు అంది.

29వ తేదీ, సోమవారం

కళ్లజోడుకు అద్భుతమైన ఆలోచన వచ్చింది. అసలు ఆ మాటే తీసేస్తే? కరాఖండి నిఘంటువులోనే లేకపోతే ఉదాహరణ అక్కరలేదు. అధ్యక్షుల వాక్యమూ ఉండదు, నా మూడు కార్డులూ ఉండవు. పాము చావదు, కర్ర విరగదు. కళ్లజోడుకు ఒక టీ ఇప్పించాను. మధ్యాహ్నం దాకా ఈల వేశాను.

అక్కకు చెబితే మీ ఇష్టం అంది. తాళంచెవి నా దగ్గరే ఉందని గుర్తుచేసింది.

తెరిచాను. మూడు కార్డులు. ఒకదాని మూల నీటి మరక ఆరి గట్టిగా అయింది. ముగ్గురు మనుషులు మూడు చోట్ల, ఎవరూ అడగకుండా, ఈ మాట అన్నారు. చెప్పులాయన అన్నాడు, మా ఆవిడ అంది, అధ్యక్షులు కూడా నిజంగానే అన్నారు. బతికున్న మాటను నా భయం కోసం చంపేయాలా? పందొమ్మిదేళ్లు ఒక్క చుక్క తప్పించడానికి ఊళ్లో ప్రతి టీకొట్టు బల్ల దగ్గరా చెవులు రిక్కించి కూర్చున్నవాణ్ణి. అంగడిలో ఒకావిడ నోటి నుంచి ఒక్క మాట రాలుతుందని మూడు గంటలు వరసలో నిలబడ్డాను.

సొరుగు మూశాను. తాళంచెవి అక్కకు ఇచ్చేశాను. ఆవిడ కళ్లజోడుతో పాటు నాకూ టీ తెప్పించింది.

రేపు ఏం చేస్తానో నాకు తెలియదు.

30వ తేదీ, మంగళవారం

వెంటనే రాయాలి, లేకపోతే రేపటికి గొప్పగా మార్చుకుంటాను.

కమిటీ రెండింటికి కూర్చుంది. అధ్యక్షులు, ఇంకో నలుగురు. ఒకాయన నిద్రపోతున్నారు. నేను పేజీ చదివాను. కరాఖండి దగ్గరికి వచ్చేసరికి మూడు ఉదాహరణలూ చదివాను. అవి నా గురించేనని కమిటీకి తెలియదు, అధ్యక్షులకు తెలుసు. తన వాక్యం ఏదని అడిగారు.

కుర్చీ కింద బూట్లు విప్పుకుని కూర్చున్న సంగతి మరిచిపోయి లేచాను. ఒక కాలికే బూటు దొరికింది. ఒక పక్కకు ఒరిగి నిలబడ్డాను.

ఆ వాక్యం ఎవరూ అనలేదండీ అన్నాను. నేను అంటున్నానుగా అన్నారు. మీరు రాసిచ్చారండీ, అది వేరు అన్నాను. ఏముందండీ ఒక్క వాక్యమేగా అని ఇంకో సభ్యుడు అన్నారు. అధ్యక్షులు మెల్లగా, చాలా మంచిగా, ఈ రోజు సమావేశం ఎందుకో గుర్తుంది కదా అని అడిగారు.

"గుర్తుందండీ. క్షమించండి. వేయనండీ."

"ఇంకోసారి ఆలోచించుకోండి."

"నెలంతా అదే ఆలోచించానండీ. క్షమించండి. వేయను."

గొంతు కెటిల్ ఈలలా వచ్చింది. క్షమించమని మొత్తం నాలుగుసార్లు అడిగానని, గుమ్మం దగ్గర నిలబడి లెక్కపెట్టానని కళ్లజోడు తర్వాత చెప్పాడు. నిద్రపోతున్నాయన లేచి, ఏమైందని పక్కాయన్ని అడిగారు.

అధ్యక్షులు కాగితాలు సర్దుకున్నారు. రేపటి నుంచి డాక్టరుగారు కుర్చీ తీసుకుంటారని, మొదటి పేజీలో ఆయన పేరే పడుతుందని, సంపుటం ఆయన చూసి పంపుతారని చెప్పారు.

అప్పుడు నా నోటి నుంచి ఒక మాట వచ్చింది. అది నేనే అన్నానా అని ఇప్పటికీ అనుమానమే. సాయంత్రం ఐదింటిదాకా ఇన్‌చార్జిని నేనే కదండీ అన్నాను. మొదటి పేజీ మీ ఇష్టమండీ, మిగతాది ఈ రోజు ప్రెస్సుకు వెళ్లాలండీ అన్నాను.

ఎవరూ కాదనలేదు. నాలుగున్నరకు సంతకం పెట్టాను. పేజీలు చంకలో పెట్టుకుని, బూట్లు చేత్తో పట్టుకుని, ప్రెస్సుకు నేనే నడిచాను. నాలుగు యాభైకి రసీదు మీద ముద్ర కొట్టించాను.

ఇంటికి వెళ్లి కుర్చీ పోయిందని చెప్పాను. మా ఆవిడ వేడినీళ్ల గిన్నె తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. చాలా బాధగా ఉంది. ఆ కుర్చీ నాకు నిజంగా కావాలి. మొదటి పేజీ ఇంకా ఎక్కువ కావాలి.

అచ్చులో పడబోయేది ఇది:

కరాఖండి (విశేషణం): అనుకున్న మాట మీద నిలబడే. గొంతు పెద్దదై ఉండనక్కరలేదు.

1వ తేదీ, బుధవారం

నా పాత కుర్చీలో కూర్చున్నాను. డాక్టరుగారు మంచివారే. పొద్దున రాగానే కరాఖండికి ఇంకో కార్డు వచ్చిందని పిలిచారు. ప్రెస్సువాళ్లు ఇంకా ఆ పేజీ కట్టలేదు, కావాలంటే ఇది కూడా చేర్చుకోవచ్చట.

కార్డు రాసింది కళ్లజోడు. నిన్న సమావేశం అయ్యాక అధ్యక్షులు మెట్లు దిగుతూ పక్క సభ్యుడితో అన్నది: "చూడటానికి మెత్తగా ఉంటాడుగానీ కరాఖండి మనిషయ్యా. మనవల్ల కాదు." ఎవరి గురించి: ఇన్‌చార్జి.

మూడుసార్లు చదివాను. చదువుతుంటే చెవులు వేడెక్కాయి.

వెనక్కి తిప్పాను. సరిచూసిన సంతకం ఉండాల్సిన చోట అక్క చేతిరాత ఉంది. పొద్దున్నే అధ్యక్షుల ఇంటికి వెళ్లి అడిగిందట. నేనలా అనలేదని చెప్పి తలుపు వేసుకున్నారట.

డాక్టరుగారికి మా పద్ధతి ఇంకా తెలియదు. కళ్లజోడు తన చెవులతో విన్నాడు కదా, వేసేద్దామా, మీ గురించి ఒక్కటైనా మంచిది ఉంటుంది అన్నారు. జాలిపడ్డారనుకుంటాను. కళ్లజోడు నా వైపు చూస్తున్నాడు. అక్క సొరుగు దగ్గర నిలబడి ఎటూ చూడట్లేదు.

"అన్నవారు కాదంటే చెల్లదండీ," అన్నాను.

ఆయన కార్డు నా వైపు జరిపారు. అడ్డంగా "చెల్లదు" అని రాసి, కింద సంతకం పెట్టి, అక్కకిచ్చాను.